పనిమనిషి మీద నవల సరే, ఆమె పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది?

హైదరాబాదులో చదువుతున్న మా అమ్మాయి కూతురు రంజాన్ సెలవులకు రాజమండ్రి వస్తూ ఒక ఇంగ్లీషు నవల వెంట తెచ్చింది. ‘‘నానా, ఇది సస్పెన్సు నవల. మొదలుపెడితే సహరీ దాకా వదలరు’’ అంది. పిల్లకు మా బలహీనత తెలుసు. అద్దె పుస్తకాల షాపులు బతికి ఉన్న రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివు నవలలు, ఆ తరువాత మధుబాబు గారి షాడో నవలలు వరసపెట్టి చదివి పెరిగిన తరం మాది. ఆఫీసులో ఫైళ్ళ కింద దాచుకుని చదివిన సందర్భాలూ ఉన్నాయి. పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచాయి కనుక ఇప్పుడు ఒప్పుకున్నా ప్రమాదం లేదు.

ఆ నవల రాసినది లైలా స్లిమానీ. మొరాకోలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన రచయిత్రి. 2016లో ఫ్రెంచి భాషలో వెలువడిన ఈ పుస్తకానికి ఆ ఏడాదే గోన్‌కూర్ పురస్కారం లభించింది. ఇంగ్లీషు అనువాదం పేరు ‘లల్లబై’, అంటే జోలపాట. పారిస్ నగరంలో ఒక మధ్యతరగతి జంట. భార్య మిరియం ఉత్తరాఫ్రికా మూలాలున్న న్యాయవాది. ఇద్దరు పసిబిడ్డలను చూసుకోవడానికి ఆయా కావలసి వచ్చింది. తన ప్రాంతపు స్త్రీని పెట్టుకోవడానికి మిరియంకు మనసొప్పదు. ఒక భాష, ఒక మతం అనే చనువు పెరిగితే యజమానురాలి హోదా పలచబడుతుందని ఆమె భయం. చివరకు లూయీజ్ అనే తెల్లజాతి పేదరాలిని కుదుర్చుకుంటారు. చనిపోయిన భర్త మిగిల్చిన అప్పులు, ఊరి చివర అద్దె గది, పైకి కనిపించని ఒంటరితనం ఆమెవి. ఆ పిల్లలిద్దరినీ చంపినది ఆమే. ఇది చెప్పి మేము నవల రుచి పాడుచేయలేదు. రచయిత్రి మొదటి పుటల్లోనే ఆ సంగతి చెప్పేసింది. పాఠకుణ్ణి చివరి దాకా లాగేది హంతకురాలు ఎవరన్న ప్రశ్న కాదు, ఎందుకన్న ప్రశ్న.

2012లో న్యూయార్కులో జరిగిన ఒక ఘోరం ఈ నవలకు ప్రేరణ. అక్కడ నేరం చేసిన ఆయా డొమినికన్ రిపబ్లిక్ నుంచి వలస వచ్చిన స్త్రీ. స్లిమానీ ఆ పాత్రను తలకిందులు చేసి యజమానురాలిని వలస కుటుంబపు బిడ్డగా, ఆయాను తెల్లజాతి మనిషిగా మార్చింది. ఈ మార్పుకు మేము ఆమెను మనసారా అభినందిస్తున్నాము. వలస వచ్చిన పనిమనిషి అనగానే దొంగ, లేకపోతే హంతకురాలు అనుకునే పాఠకుడికి ఆ సుఖం ఆమె ఇవ్వలేదు. అయితే అదే నవలలో పార్కు బెంచీల మీద ఇతరుల పిల్లల్ని ఆడిస్తూ కూర్చునే ఆఫ్రికా, ఆసియా దేశాల ఆయాలు ఉన్నారు. వఫా అనే మొరాకో యువతి ఉంది. వారి కథ ఆ బెంచీ దగ్గరే ఆగిపోయింది. మా మనసు మాత్రం లూయీజ్‌ను వదిలి ఆ బెంచీ దగ్గరే నిలిచిపోయింది.

మా వీధి చివర టిఫిను బండి నడుపుకునే ఒక ఆమె ఉంది. రాజోలు దగ్గర ఒక లంక గ్రామం ఆమె పుట్టిల్లు. దళిత క్రైస్తవ కుటుంబం. 11 ఏళ్ళు కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి వచ్చింది. ఒకరోజు సాయంకాలం బండి దగ్గర కూర్చుని నవల కథంతా ఆమెకు చెప్పాము. అయ్యో పాపం అంటుందని, పిల్లల చావుకు ముక్కు మీద వేలు వేసుకుంటుందని అనుకున్నాము. ఆమె అడిగిన మొదటి ప్రశ్న వేరు.

‘‘ఆవిడ రాత్రిళ్ళు ఎక్కడ పడుకునేదండి సాయిబుగారూ?’’

వేరే గది ఉంది, పని అయ్యాక రైల్లో వెళ్ళిపోతుంది అన్నాము.

‘‘సెలవుండేదాండి?’’

ఉండేది.

‘‘మరి ఆవిడ కాయితాలో?’’

ఆమె ఆ దేశపు మనిషే కదా, పాస్‌పోర్టుతో పని లేదు అన్నాము. పిండి గరిటె చట్నీ గిన్నె మీద పెట్టి ఆమె కాసేపు ఆలోచించింది. ‘‘అయితే ఆవిడ నయమేనండి. తలుపు తీసుకుని బయటికి రావొచ్చు. నాకు మొదటి మూడేళ్ళు వీధి తలుపు తాళం ఎలాగుంటాదో తెల్దండి’’ అంది.

గోన్‌కూర్ పురస్కార సంఘం ఆ నవలను ఎలా అంచనా వేసిందో మాకు పట్టలేదు. ఈమె వేసిన మూడు ప్రశ్నలూ నవలకు కావలసిన విమర్శ అని మా అభిప్రాయం. నిద్ర, సెలవు, కాగితం. ఈ మూడూ లేని ఇంట్లో నేరం అప్పటికే మొదలయింది. సస్పెన్సు కథ మాత్రం రక్తం కనబడిన తరువాతే తెరుచుకుంటుంది. ఒక హంతకుణ్ణి పట్టుకోగానే ముగిసిపోతుంది. ఆ స్త్రీని ఆ ఇంట్లోకి తెచ్చిన అసమానతను ఎవరూ బోనెక్కించరు. ఆ ఇంటి యజమాని మన మతస్థుడైనప్పుడు మనం కూడా ఎక్కించడం లేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది, చెప్పడానికి ఇన్నాళ్ళు మొహమాటపడినది ఇదే.

ముందు మన నేల సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి గోదావరి డెల్టాను అన్నపూర్ణ అని పొగడడం ఆనవాయితీ. పొగడ్త నిజమే, కాని నీరు పారిన పొలం అందరిదీ కాదు. కాలువ ఒక గట్టున కొబ్బరితోట ఆసామి, రెండో గట్టున ఆ తోటలో కాయ వొలిచే కూలి మనిషి. నరసాపురం లేసు సంగతి చూడండి. క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ అల్లిక విదేశాలకు ఎగుమతి అయి వ్యాపారులను లక్షాధికారులను చేసింది. జర్మను పరిశోధకురాలు మారియా మీస్ నరసాపురం ప్రాంతంలో తిరిగి 1982లో ఆ అల్లికదారుల మీద ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా సూది పట్టే ఆడవారిని కూలీలుగా కాక ‘ఇంటి ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసే పని’గా లెక్కకట్టి, తక్కువ చెల్లించి, ప్రపంచ మార్కెటుకు ఎలా సరుకు తోలారో ఆమె విప్పి చెప్పారు. ఆ కాలంలో లేసు ఓడ ఎక్కింది, మనిషి ఇంట్లో ఉండిపోయింది. తరువాతి కాలంలో మనిషే విమానం ఎక్కింది. ఇంటిపని పని కాదనే ఆ పాత లెక్క మాత్రం ఆమె వెంటే వెళ్ళింది.

సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు, మామిడికుదురు, పి.గన్నవరం, అవతలి గట్టున నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు, ఆచంట. ఈ ఊళ్ళలో గల్ఫుకు పోయివచ్చిన స్త్రీ లేని వీధిని వెతకాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు ఈ ఊళ్ళలో రేడియోల చుట్టూ జనం మూగిన దృశ్యం మాకు ఇంకా గుర్తుంది. అప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తరలించారు. సద్దుమణిగిన తరువాత మనవాళ్ళు మళ్ళీ వెళ్ళారు. పెంకుటింటి స్థానంలో డాబా లేచింది, చెల్లెలి పెళ్ళి అయింది, తమ్ముడి చదువు సాగింది. ఈ మేలును కాదనడం అన్యాయం. ఆ డబ్బు పంపినవారు కష్టపడి పంపారు.

వారి వెంట ఊరికి ఒక కొత్త భాష కూడా వచ్చింది. ఇంటిపని మనిషి ‘ఖద్దామా’. యజమాని ‘బాబా’, యజమానురాలు ‘మామా’. పూచీ పడినవాడు ‘కఫీలు’. నివాసపత్రం ‘అకామా’. మనుషులను ఉంచి ఇళ్ళకు పంపే ఆఫీసు ‘మక్తబు’. కఫీలు ఇంటి నుంచి పారిపోయి కాగితం లేకుండా బతికితే ‘ఖల్లివల్లి’. ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు ఎంబసీ ఇచ్చే చీటీ ‘అవుట్ పాసు’. ఒక్క అక్షరం అరబ్బీ చదవనివారు, ఖురాన్ ముట్టుకోనివారు కూడా మన కోనసీమలో ఈ మాటలు మాట్లాడతారు. అరబ్బీ భాష అంటే మనకు ఉన్న గౌరవం వేరు. వీరికి ఆ భాష పరిచయమైన దారి వేరు. ఈ తేడాను తలచుకున్నప్పుడు మాకు సిగ్గు వేస్తుంది.

ఇక మన సస్పెన్సు రచయితలు, సినిమావారు ఏం చేశారు? వారికి గల్ఫు అంటే ఎడారి, ఒంటె, గడ్డం షేకు, కొరడా, చివర పరుగు. దేశంలో ముస్లిముల పట్ల ద్వేషం అమ్ముడుపోతున్న రోజుల్లో ఈ షేకు బొమ్మకు గిరాకీ ఎక్కువ. పాఠకుడు ఒక మతాన్ని తిట్టుకుని పుస్తకం మూస్తాడు. ఏజెంటు ఊళ్ళోనే పెద్దమనిషిగా తిరుగుతుంటాడు. అతని పేరు పుస్తకంలో ఉండదు, కేసులోనూ ఉండదు. అందరూ అలా ఉన్నారని మేము అనడం లేదు. చక్రవేణు గారి ‘కువైట్ సావిత్రమ్మ’ కథ తెలుగులో ఉంది. బెన్యామిన్ మలయాళంలో 2008లో రాసిన ‘ఆడుజీవితం’ ఉంది. 2024లో సినిమాగా తెలుగులోనూ వచ్చింది. బెన్యామిన్ నవలలో కష్టపడిన మనిషి నజీబు, ముస్లిము; కష్టపెట్టినవాడూ ముస్లిమే. ఆ పుస్తకం చదివిన మలయాళీ ముస్లిములు ఎవరూ తమ మతం పరువు పోయిందని అనుకోలేదు. తమ బిడ్డ కథ అనుకున్నారు. అయితే అది ఎడారిలో మేకల మధ్య చిక్కిన మగవాడి కథ. నాలుగు గోడల మధ్య తలుపుకు తాళం పడిన ఆడమనిషి కథ రాయడం ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ చూడడానికి ఎడారి కూడా ఉండదు.

నిజంగా జరిగిన మూడు సంగతులు ఇక్కడ చెప్పాలి. మూడూ ఏ సస్పెన్సు నవలకూ తీసిపోవు.

2018 ఫిబ్రవరిలో కువైట్‌లో, వదిలేసి వెళ్ళిన ఒక అపార్టుమెంటు ఫ్రీజరులో ఫిలిప్పీన్సు పనిమనిషి శవం దొరికింది. ఏడాదికి పైగా అది అక్కడే ఉంది. సినిమావారైతే వెంటనే షేకును దించేవారు. నిందితులు లెబనాన్ దేశపు మగవాడు, సిరియా దేశపు అతని భార్య. వారూ పొట్టకూటికి పరాయి దేశం వచ్చినవారే. 2018 ఏప్రిల్‌లో కువైట్ న్యాయస్థానం వారి పరోక్షంలోనే ఇద్దరికీ మరణశిక్ష విధించింది. మనిషిని ఇంట్లో బంధించే అధికారం చేతికిస్తే ఆ చేయి ఏ దేశానిదన్న ప్రశ్న వెనక్కు పోతుంది.

రెండవది శ్రీలంక సంగతి. ట్రింకోమలీ జిల్లా ముత్తూరు నుంచి ఒక పేద ముస్లిం పిల్ల 2005లో సౌదీ అరేబియాకు ఇంటిపనికి వెళ్ళింది. జనన పత్రం ప్రకారం వయసు 17. ఏజెంటు చేయించిన పాస్‌పోర్టులో 23. వెళ్ళిన కొద్ది వారాలకే ఆమె పాలు పడుతున్న నాలుగు నెలల పసివాడు చనిపోయాడు. పాలు గొంతుకు అడ్డం పడ్డాయని ఆమె చెప్పింది. చంపిందని వారు అన్నారు. విచారణ మొదటి దశలో ఆమెకు వకీలు లేడు, సరైన దుబాసీ లేడు. 2013 జనవరి 9న ఆమెకు శిరచ్ఛేదం చేశారు. ఆమె నమాజు చదివే పిల్ల. యజమానిది, ఆమెది, న్యాయమూర్తిది ఒకే కల్మా. ఆ కల్మా పేరు చెప్పి ఆమెకు ఒక దుబాసీని కూడా ఎవరూ తెచ్చిపెట్టలేదు.

మూడవది మన దేశపు సంగతే. ఉత్తరప్రదేశ్ బాందా జిల్లా ముస్లిం మహిళ ఒకరు 2021లో అబూదాబీకి వెళ్ళి ఒక ఇంట్లో పసిబిడ్డను చూసుకునే పనిలో చేరారు. 2022 డిసెంబరులో, టీకాలు వేసిన రోజున ఆ బిడ్డ చనిపోయాడు. నేరం ఆమె మీద పడింది. 2025 ఫిబ్రవరి 15న ఆమెకు మరణశిక్ష అమలు చేశారు. ఆమె బతికి ఉందో లేదో చెప్పమని తండ్రి ఢిల్లీ హైకోర్టుకు వెళితే, శిక్ష అమలయిపోయిందని మార్చి 3న కేంద్ర ప్రభుత్వం తరఫున చెప్పారు. కూతురి చావు కబురు కోర్టు హాలులో తెలిసింది. స్లిమానీ నవలలో ఆయా ఎందుకు చంపిందని 200 పుటలకు పైగా వెతికారు. ఈమె అసలు చంపిందా అని వెతకడానికి మనలో ఎంతమంది రెండు పుటలు కేటాయించారు?

ఈ సంగతులు మసీదు కమిటీల ముందు ఎత్తినప్పుడల్లా మాకు ఒకే జవాబు వస్తుంది. ‘‘భాయీ, బయట మనవాళ్ళ మీద ఇప్పటికే కావలసినంత బురద చల్లుతున్నారు. మీరు కూడా అరబ్బుల మీద రాయాలా? శత్రువు చేతికి కత్తి ఇవ్వడం ఎందుకు?’’ చెప్పేవారు చెడ్డవారు కారు. వారి భయం మాకు అర్థమవుతుంది. కాని ఈ వాదన మేము ఒప్పుకోలేము. దేశంలో మనం మైనారిటీలం కనుక న్యాయం అడుగుతున్నాము; ఆ ఇంట్లో ఆ స్త్రీ ఒక్కతే మైనారిటీ. ఇక్కడ అడిగే న్యాయాన్ని అక్కడ దాచిపెడితే మన కోరికకు విలువ ఏముంటుంది? అన్-నిసా అధ్యాయం 135వ ఆయతు న్యాయం కోసం మన మీద మనమే, తల్లిదండ్రుల మీద, దగ్గరి బంధువుల మీదనైనా సాక్ష్యం చెప్పమని ఆదేశిస్తుంది. కూలివాని చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పాలన్న ప్రవక్త బోధ మన జుమ్మా ప్రసంగాల్లో వినబడుతూనే ఉంటుంది. అది రాజమండ్రి మేస్త్రీకి ఎంత వర్తిస్తుందో కువైట్ బాబాకూ అంతే వర్తిస్తుంది. మనం మౌనంగా ఉంటే షేకు బొమ్మ గీసేవాడి నోరు మూతపడదు. మనం ముందు మాట్లాడితే వాడికి అమ్ముకోవడానికి సరుకు తగ్గుతుంది.

మరొక సణుగుడు కూడా విన్నాము. వెళ్ళేవారిలో ఎక్కువమంది మనవాళ్ళు కారు, దళితులు, బీసీలు, వారి సంగతి మనకెందుకని. మన దూదేకుల ఇళ్ళ నుంచి, ఫకీరు ఇళ్ళ నుంచి వెళ్ళినవారు ఈ పెద్దమనుషులకు కనబడలేదు కాబోలు. కనబడకపోయినా సరే, టిఫిను బండి ఆమె తలుపు తాళం గురించి చెప్పినప్పుడు ఆమె మతం అడగాలని మాకు తోచలేదు.

ప్రభుత్వం చేసినది ఏమిటంటారా? చేయలేదని అనలేము. 1983 వలసల చట్టం ఉంది. పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టు మీద, గల్ఫు సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. ఆడవారికైతే 30 ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుంచి అటువంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన వచ్చింది. మన రాష్ట్రానికి ఓమ్‌క్యాప్ ఉంది. రిజిస్టరయిన ఏజెంటు రూ.30,000, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. రెండేళ్ళకు రూ.275 కడితే రూ.10 లక్షల బీమా ఉంది. కాగితం మీద ఇదంతా చక్కగా ఉంది. విజిటింగ్ వీసా అనే ఒక్క సందులోంచి ఇదంతా జారిపోతుంది. చూసి వస్తామని వెళ్ళేవారికి ఈ క్లియరెన్సు అక్కరలేదు. ఏజెంటు ఆమెను చుట్టపుచూపు వీసా మీద విమానం ఎక్కిస్తాడు. దిగిన రోజు నుంచి ఆమె ప్రభుత్వ లెక్కలో లేదు. బీమా లేదు, ఒప్పందం లేదు. ఎమిరేట్స్‌లో దింపి సరిహద్దు బురైమీ మీదుగా ఒమన్‌కు అమ్మిన ఉదంతాలను హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లోనే నమోదు చేసింది.

ఆ 30 ఏళ్ళ నిబంధన గురించి మేము ఒక మాట ఒప్పుకోవాలి. మేము గుమాస్తాగా పనిచేసిన కాలంలో, ఒక కార్యాలయంలో, వయసు ధ్రువపత్రాల కోసం వచ్చే ఆడపిల్లలు మా బల్ల ముందే నిలబడేవారు. 22, 23 ఏళ్ళ పిల్లలు. పక్కన ఒక మగవాడు, ‘మేనమామ’ అని చెప్పుకునేవాడు. ఒకే మేనమామ నెలకు నలుగురైదుగురు మేనకోడళ్ళతో వచ్చేవాడు. దరఖాస్తులో వయసు 31, 32 అని రాసి ఉండేది. మాకు తెలుసు. కాగితాలు సక్రమంగా ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి, అడ్డుచెప్పడం మన పని కాదు అనుకుని ఫైలు పైకి పంపాము. లంచం తీసుకోలేదని ఇన్నాళ్ళు గర్వంగా చెప్పుకున్నాము. శ్రీలంక పిల్ల పాస్‌పోర్టులో 17ను 23 చేసిన చేయి ఎవరిదో మాకు తెలియదు కాని, అటువంటి బల్ల వెనుక మేము కూర్చున్నాము. వారిలో ఎంతమంది క్షేమంగా తిరిగివచ్చారో తెలుసుకోవడానికి మేము ఎన్నడూ ప్రయత్నించలేదు.

నిబంధన తప్పని మా ఉద్దేశం కాదు. వయసు అడ్డుపెట్టినంత మాత్రాన ఆకలి ఆగదు. ఆగకపోగా అది దొంగదారి పట్టి, ఆ పిల్లను మరింత ఒంటరిని చేస్తుంది. అవతలి దేశంతో గట్టిగా మాట్లాడగలిగితే రక్షణ ఉంటుంది. ఫ్రీజరులో శవం దొరికిన వెంటనే ఫిలిప్పీన్సు కువైట్‌కు మనుషులను పంపడం ఆపేసింది. మూడు నెలల్లో, 2018 మేలో, పాస్‌పోర్టు, ఫోను పనిమనిషి దగ్గరే ఉంచాలని ఒప్పందం రాయించుకుంది. మన దేశం 2014లో ఒక్కో పనిమనిషికి యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని షరతు పెట్టింది. కువైట్ అభ్యంతరం చెప్పింది. 2017లో మనమే ఆ షరతు ఎత్తివేశాము. 2021 జూన్‌లో ఒక అవగాహన ఒప్పందం కుదిరింది, మంచిదే. కువైట్ 2015లోనే 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, వారానికి ఒక రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లు చేశారు. మా టిఫిను బండి ఆమెకు ఆ చట్టం సంగతి చెప్పితే నవ్వింది. ‘‘మా మామాకి తెల్సో తెల్దో గానండి, నాకెవరూ చెప్పలేదండి’’ అంది. ఇంటిపనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక తెచ్చింది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఇంతవరకు ఆమోదించలేదు. గల్ఫు రాజ్యాలూ ఆమోదించలేదు. ఈ ఒక్క విషయంలో వారికీ మనకూ మంచి పొత్తు కుదిరింది.

ఎందుకు ఆమోదించలేదో తెలియాలంటే ఢిల్లీ దాకా పోనక్కరలేదు. మన ఇళ్ళలో అంట్లు తోమే మనిషికి వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఎందరు ఇస్తున్నారు? ఈద్ రోజున ఆమెకు కొత్త చీర పెడతాము, ఆ రోజున రెట్టింపు గిన్నెలూ వేస్తాము. మా ఇంట్లోనూ మొన్నటి దాకా ఇదే. మిరియం తన ప్రాంతపు స్త్రీని వద్దనుకున్నట్టే, మన పేటల్లో కొందరు మనవాళ్ళనే పనికి పెట్టుకోవడానికి వెనకాడతారు, జకాతు కూడా ఆశిస్తారేమోనని. ఆ వాక్యాల దగ్గర మా మనవరాలు పెన్సిలుతో గీత గీసి, పక్కన మా వీధి పేరు రాసింది. ఎందుకు రాశావని మేము అడగలేదు.

తెలుగులో సస్పెన్సు నవలలు రాసేవారికి మా విన్నపం ఒకటి. రండి, రాజోలు బస్టాండులో రెండు రోజులు కూర్చోండి. తిరిగివచ్చిన స్త్రీల మాట వినండి. శవపేటిక కోసం ఎయిర్‌పోర్టు కార్గో గేటు దగ్గర నిలబడిన కుటుంబంతో ఒక రాత్రి గడపండి. మీకు షేకు అక్కరలేదు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసిన రోజున కథ మొదలుపెట్టండి. మేనమామ పేరు రాయండి. బల్ల వెనుక గుమాస్తాను కూడా వదలకండి. ఇంకా మంచిది, ఆ స్త్రీలనే రాయనివ్వండి. ఈ పత్రిక అందుకు పుటలు ఇవ్వాలి. వారు చెప్పితే రాసిపెట్టడానికి మాకు దస్తూరీ ఉంది, తీరిక ఉంది.

నవల వచ్చేదాకా చేయవలసిన పని వేరే ఉంది. గత రంజాన్ నుంచి మా ఇంటి వరండాలో ఒక పొడుగు రిజిస్టరు పెట్టాము. గల్ఫుకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీ ఏ మతస్థురాలైనా సరే, బయలుదేరే ముందు వచ్చి రాయించుకోవచ్చు. పేరు, అసలు వయసు, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, ఏజెంటు పేరు, అతని రిజిస్ట్రేషను నంబరు, కఫీలు పేరు, ఫోను, చేరిన తేదీ, మొదటి జీతం అందిన తేదీ. ఏజెంటు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో మా మనవరాలు ఫోనులో అప్పటికప్పుడే చూస్తుంది. ఇంతవరకు 14 పేర్లు ఎక్కాయి. అందులో ఇద్దరు, ఏజెంటు నంబరు దొరకక ప్రయాణం మానుకున్నారు. ఆ ఏజెంటు మా ఇంటికి వచ్చి, మసీదు పైకప్పుకు ఇస్తానన్న చందా ఇక ఇవ్వనని చెప్పి వెళ్ళాడు. పైకప్పు ఇంకా అలాగే కారుతోంది. ప్రతి పట్టణంలో ఒక్క మసీదు ఇటువంటి రిజిస్టరు పెట్టగలిగితే, పెట్టిన చోటు చిరునామా ఈ పత్రికకు రాయవలసిందిగా కోరుతున్నాము. గడులు ఎలా గీసుకోవాలో కావాలంటే నమూనా పంపుతాము.